సీసామీది పక్షి

మన దేశమున అక్షరము రానివాడును చదువగల లిపి యొకటి కలదు. దానిని బజారు భాషలో మార్కా యందురు. ఆదోని పత్తియార్డులో బేళ్లు దొర్లించు హమాలీ అక్షరములు కూడబలుకుకొని చదువలేకపోవచ్చును. గాని బేలుపై వేసిన మార్కా చూచి అది ఏ జిన్నింగు మిల్లునుండి వచ్చినదో తడుముకొనక చెప్పగలడు. అగ్గిపెట్టె, బీడీకట్ట, సబ్బుబిళ్ల, విత్తనపు సంచి, అన్నిటికిని ఒక్కొక్క మార్కా కలదు. 1951-52లో మన దేశమున మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు, చదువురాని కోట్లకొలది జనులు ఓటు వేయవలసియుండుటచేత, ఎన్నికల సంఘమువారు పార్టీలకు బొమ్మగుర్తులు పంచియిచ్చిరి. బొమ్మకు అంతటి శక్తి గలదు. అక్షరము తలుపు తట్టి, బుద్ధియొక్క అనుమతి పొంది, పిమ్మట లోనికి వచ్చును. బొమ్మ తలుపు తట్టదు.

ఇంత బలముగల లిపిని మన బిడ్డలకు ఎవరు నేర్పుచున్నారు? దానిచేత ఏమి చదివించుచున్నారు? ఈ ప్రశ్న నాకు మొన్నటివరకు తోచలేదు. ఇరువదేండ్లుగ సంస్కృత శ్లోకములకును ఆంగ్ల వ్యాకరణమునకును అర్థము చెప్పుచు బ్రదుకుచున్న నేను ఈ లిపిని లెక్కకు తెచ్చుకొనలేదు. ఆ నిర్లక్ష్యమునకు ప్రాయశ్చిత్తముగ ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను పనిచేయునది యెమ్మిగనూరు ప్రాంతమున ఒక పాఠశాల. పిల్లలలో పెక్కురు నేతపనివారి బిడ్డలు. తక్కినవారు పత్తిచేల కూలీల బిడ్డలు. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో 'చిహ్నము' అను మాటకు అర్థము చెప్పుచు, మీకు తెలిసిన గుర్తులను కాగితముపై గీయుడంటిని. పిల్లలు ఉత్సాహముతో గీసిరి. రాజకీయ పార్టీల గుర్తులు వచ్చినవి, సెల్‌ఫోను కంపెనీల గుర్తులు వచ్చినవి. ఒక బాలుని కాగితము నన్ను ఆకర్షించినది. గీత సన్నము, కొలత తప్పలేదు, రంగుపెన్సిలు ఎక్కడను గీటు దాటలేదు. అది దేని గుర్తో తెలియకయే నేను 'శభాష్' అని పదికి పది మార్కులు వేసితిని. వెనుక బల్లలవారు కిసుక్కున నవ్విరి. "సార్, అది మందుసీసా మీద బొమ్మ సార్" అని యొకడు చెప్పెను.

"నీ వెక్కడ చూచితివిరా?" అని గీసినవానినే అడిగితిని. వాడు వెరవలేదు. "అంగట్లో నీళ్ల బాటిలు మీద ఉంటాది సార్. క్రికెట్‌లో గూడ వస్తాది. మా నాయన తెచ్చే సీసా మీద గూడ అదే బొమ్మ సార్" అనెను.

పిల్లవాడు మూడు చోట్లు చెప్పెను. అందు మద్యమున్నది మూడవచోటనే. అదియు చివర వచ్చినది. ఈ క్రమమును చదువరులు జ్ఞాపకముంచుకొనగోరెదను. ఆ సంస్థ పేరు ఇక్కడ వ్రాయను. ఒకరిని దూషించి చేతులు కడుగుకొనుటకు నేను పూనుకొనలేదు. పిమ్మట నల్లబల్లమీద చేనేత మార్కును గీసి, ఇది దేని గుర్తని అడిగితిని. చేనేత వస్త్రమిది, యంత్రపు మగ్గముది కాదు అని కొనువానికి హామీ యిచ్చుటకై భారత ప్రభుత్వము 2006 జూన్ 28న ప్రవేశపెట్టిన గుర్తు అది. పడుగును పేకయు ఒకదానిలో నొకటి అల్లుకొని ఘనాకారమైనట్లుండును. మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారి సహకార సంఘము నెలకొల్పిన ఊరిది. మగ్గము చప్పుడు వినుచు నిద్రించు బిడ్డలు వారు. ఒక్కరును చెప్పలేకపోయిరి.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి అటకమీది అట్టపెట్టె దింపితిని. గత వైశాఖమున మా గృహప్రవేశమునకు తెప్పించిన నీళ్లసీసాలు కొన్ని అందు మిగిలియుండెను. మూడు తరములుగ మద్యము గడప దాటని యిల్లు మాది. ఆ మాట నలుగురిలో చెప్పుకొని గర్వించువాడను. సీసాలు త్రిప్పి చూచితిని. ఒక మద్యపు గుర్తే! పురోహితునికిని, పేరంటాండ్రకును, పసిపిల్లలకును నా చేతులతోనే ఆ గుర్తును పంచిపెట్టితిని. సంగతి చెప్పగా నా భార్య, "నీళ్లు నీళ్లే గదండీ! సీసా మీద ఏ బొమ్మ ఉంటే ఏమి?" అనెను.

మంచి ప్రశ్న. విద్యావంతులలో పదింట తొమ్మండుగురు అడుగు ప్రశ్న యిది. దీనికి ఒక్కమాటలో బదులు చెప్ప వీలులేదు. మార్కా పుట్టుక మొదలుకొని చెప్పవలయును.

ఆంగ్లదేశమున ట్రెంట్ నదీతీరమున బర్టన్ అను పట్టణము కలదు. అచ్చట విలియం బాస్ అనునతడు 1777లో బీరు కర్మాగారము స్థాపించెను. పందొమ్మిదవ శతాబ్దమున బర్టన్ బీరు పీపాలకెత్తి, ఓడలమీద మన దేశమునకు, ఇచ్చటి దొరలకొరకు, సైనికులకొరకు పంపుచుండిరి. పేరు పెరిగినకొలది నకిలీలును పెరిగినవి. ఎవడో కాచిన బీరును సీసాలో పోసి, బాస్ పేరంటించి అమ్ముటకు సాహసించువారు బయలుదేరిరి. ఇట్టి మోసములనుండి వర్తకులను, కొనువారిని రక్షించుటకై బ్రిటిషు పార్లమెంటు 1875లో వ్యాపారచిహ్నముల రిజిస్ట్రేషను చట్టము చేసెను. అది 1876 జనవరి 1న అమలునకు వచ్చినది. ఆ రిజిస్టరులో మొట్టమొదటి సంఖ్య పొందిన గుర్తు బాస్ వారి ఎర్రని త్రికోణము. అనగా ఆంగ్లదేశపు చట్టబద్ధమైన వ్యాపారచిహ్నములలో ప్రథమ తాంబూలము అందుకొన్నది బీరు సీసాయే.

ఆ గుర్తుయొక్క కల్పనను గమనింపుడు. సింహము లేదు, కిరీటము లేదు, అలంకారము లేదు. మూడు గీతలు, ఒక రంగు. చీకటి దుకాణమున, దూరమునుండి, చదువురాని కూలివాడును పోల్చుకొనగలడు. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1882లో పారిసు నగరపు ఒక వినోదశాలలోని పానీయముల బల్లను చిత్రించినపుడు, బల్లమీది సీసాలపై ఆ ఎర్ర త్రికోణమునుకూడ వ్రాసెను. నేటికిని ఆ చిత్రము చూచువారు, ఎవరును చెప్పకయే, అది ఏ బీరో తెలిసికొందురు. ఇంత బలమున్నను, నాడు ఆ గుర్తు చెప్పిన మాట ఒక్కటే: "ఈ సీసాలోనిది ఫలానివాడు చేసినది, మంచికిని చెడ్డకును వాడే బాధ్యుడు." మార్కా సాక్షిగ పుట్టినది. సాక్షిగ నున్నంతకాలము దానిని నిందించుటకు నాకు నోరు రాదు. చేనేత మార్కును ఇట్టి సాక్షియే గదా!

ఐతే బొమ్మకు గల బలమును వర్తకులు అక్కడితో విడువలేదు. ఐర్లండు దేశమున ప్రాచీనకాలమునుండి జాతిచిహ్నముగ నెన్నబడుచున్న తంత్రీవాద్యము హార్ప్. దానిని గిన్నిస్ అను బీరు వారు 1862లో తమ చీటీమీద అచ్చువేసి, 1876లో రిజిస్టరు చేయించుకొనిరి. ఆ దేశము 1922లో స్వపరిపాలన పొంది అదే వాద్యమును రాజ్యచిహ్నముగ గైకొన్నది. బీరు వారి హార్ప్ ఒకవైపునకు, రాజ్యపు హార్ప్ వేరొకవైపునకు తిరిగియుండును. జాతి తన వాద్యము కొరకు లేచి చూచునప్పటికి వర్తకుడు దానిని ముందే చట్టబద్ధముగ తనది చేసికొనియుండెను. సాక్షి తన పని మాని, ఇంటింటికి పరిచయములు పెంచుకొనుటకు బయలుదేరిన దినములవి.

ఇక మన దక్షిణదేశపు కథ. ఇచ్చటి పాత బీరు కర్మాగారములలో క్యాజిల్ వారిది 1857 నాటిది. అది మొదలుగ ఐదు కర్మాగారములను థామస్ లీష్‌మన్ అను స్కాట్లండు దేశస్థుడు 1915లో ఏకముచేసి యునైటెడ్ బ్రూవరీస్ సంస్థను ఏర్పరచెను. తెల్లసైనికుల దండులకు పీపాలు ఎద్దుబండ్లమీద చేరుచుండెడివి. 1947లో విఠల్ మాల్యాగారు ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరైరి. ఆయన కుమారుని పూనికచే 1978లో కింగ్‌ఫిషర్ అను పేరు బజారున వెలిగినది. చీటీమీద నీలిరెక్కల పక్షి.

ఆ పక్షి మనకు కొత్తది కాదు. తెలుగున లకుముకిపిట్ట, సంస్కృతమున మత్స్యరంగము. తుంగభద్ర దిగువకాలువ ప్రక్కన కరెంటుతీగమీద దాని జాతిపక్షులను మా పిల్లలు దినదినము చూచుచున్నారు. ఐరోపా ఖండమున దీనినిగూర్చి ఒక గాథ కలదు. గ్రీకుల పురాణమున ఆల్సియోని అను సతి, సముద్రమున మునిగిన భర్తకొరకు విలపించి ఈ పక్షియైనదట. అది గ్రుడ్లు పొదుగు కొన్ని శీతకాలపు దినములలో సముద్రమున గాలి వీవదట. ఆ కథనుబట్టి ఆంగ్లభాషలో ఆ పక్షిపేరిట నిశ్చింతగ గడచు దినములకు ఒక పలుకుబడి యేర్పడినది. మంచిరోజులకు మహారాజు అని తన్ను దాను పొగడుకొను బీరుకు ఇంతకంటె తగిన పక్షి దొరకునా? బాస్ త్రికోణము తనను చేసినవానిని చూపినది. ఈ పక్షి చేసినవానిని చూపదు, సరకును చూపదు. ఒక మనఃస్థితిని చూపును. తాగుట అను మాట రాకయే తాగినవాని సుఖము కంటికి కట్టును. మూడు గీతలనుండి ఈ పక్షివరకు జరిగిన ప్రయాణమే మద్యపు గుర్తు చరిత్రయంతయు.

ఆ పక్షి సీసామీదనే వ్రాలియుండిన నాకు ఈ వ్యాసముతో పనిలేదు. అది 2005లో అదే పేరుగల విమానములమీద ఆకాశమున కెగిరినది; 2012లో ఆ విమానములు నిలిచిపోయినవి, పక్షి నిలువలేదు. 2008లో మోటారు పందెపు కార్లమీద వ్రాలినది. క్రికెట్ ఆటగాండ్ర చొక్కాలమీద వ్రాలినది. నీళ్లసీసామీదను, సోడామీదను వ్రాలినది. 2021లో హాలండు దేశపు హైనెకెన్ సంస్థ ఆ కంపెనీలో సగమునకు మించిన వాటాను చేజిక్కించుకొన్నది. చూడుడు: ఎద్దుబండ్ల నాటి స్కాట్లండువారు పోయిరి, దేశీయులు వచ్చిరి, నేడు పెత్తనము హాలండువారిది. యజమానులు మారినను చీటీమీది పక్షి అదే. ఎవరికి సాక్ష్యము చెప్పవలయునో వారు మారినను గుర్తు మారకున్నచో, అది యిక సాక్షి కాదు. అది దూత. తాను పోలేనిచోటికి మద్యము పంపిన దూత.

దూత మాట ఎందుకు వచ్చినదందురా? మద్యము కొన్ని చోట్లకు పోరాదని మన చట్టము నిషేధించినది గనుక. టెలివిజనులో మద్యపు ప్రకటనలు ప్రత్యక్షముగను పరోక్షముగను చేయరాదని కేబుల్ టెలివిజను నియమములు 2000 సంవత్సరమునుండి ఆదేశించుచున్నవి. గుర్తు మాత్రము నీటిరూపమున వచ్చినది, సోడారూపమున వచ్చినది, పాటల క్యాసెట్టు రూపమున వచ్చినది. 2009లో నియమములకే ఒక సవరణ చేసి, మద్యపు గుర్తు గల యితర సరకులను కొన్ని షరతులతో ప్రకటించుకొనవచ్చుననిరి. ప్రకటనలో మద్యము కనబడరాదట, దాని ప్రస్తావన రారాదట. దొంగకు తలుపు మూసి, దొంగ జోడు ధరించినవానికి కిటికీ తెరచినట్లైనది! 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మారుపేరు ప్రకటనలను నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించెను. మంచిదే. ఐనను నీళ్లసీసా అంగడిలోనే యున్నది.

ఈ కిటికీకి మూలమెక్కడనో చెప్పెదను. వ్యాపారచిహ్నములను రిజిస్టరు చేయుటకు సరకులను తరగతులుగ విభజించిరి. అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి మన దేశమును ఆ విభజననే పాటించుచున్నది. సారాయి, బ్రాంది, ద్రాక్షాసవము మున్నగునవి ముప్పదిమూడవ తరగతి. బీరు మాత్రము ముప్పదిరెండవ తరగతి. ఆ ముప్పదిరెండవ తరగతిలో బీరుకు తోడబుట్టినవి ఏవో తెలియునా? మంచినీళ్లు, సోడా, పండ్లరసములు! రిజిస్టరు దృష్టిలో బీరును నీళ్లును ఒకే అరుగుమీద కూర్చున్న అన్నదమ్ములు. వర్గీకరణము వర్తకుల సౌకర్యమునకే చేసినది కావచ్చును. గాని మా యింటి అటకమీది అట్టపెట్టెకు పుట్టినిల్లు అదే. "నీళ్లు నీళ్లే గదా" అను నా భార్య మాటను, ఆమె అనకముందే, కాగితముమీద వ్రాసిపెట్టినవారు వేరే యున్నారు.

ఇప్పుడు మన సంఘసంస్కర్తల సంగతికి వచ్చెదను. ఇచ్చట నా మాట కొంచెము కటువుగ నుండును, సహింపుడు.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వరకు బళ్లారి జిల్లాలోనివి. మద్రాసు రాష్ట్రమంతట 1948 నాటికే మద్యనిషేధము అమలు జరిగినందున, మన ప్రాంతము ఆంధ్రరాష్ట్రమునకు నిషేధముతోడనే వచ్చినది. మరుసటి సంవత్సరమే, 1954 నవంబరులో, కర్నూలులోని శాసనసభలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినది ఈ నిషేధపు వాదముమీదనే. పిమ్మట నిషేధము సడలినది. 1980వ దశకమున ప్రభుత్వమే సారాయిని పొట్లములలో నింపి అమ్మించి, ఆ పథకమునకు 'వారుణివాహిని' అని పేరు పెట్టెను. క్షీరసాగరమున పుట్టిన సురాదేవత పేరు వారుణి. సంస్కృతము చదివిన నా వంటివారు ఆ పేరు విని సిగ్గుపడవలసినది. చక్కని సమాసమని మెచ్చుకొంటిమి. ఇదియు ఒక మార్కాయే. ప్లాస్టికు పొట్లపు సారాయికి పురాణము పరిమళమద్దినది.

ఆ పొట్లములను చింపి పారవేసినవారు మేము కాము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. అక్షరదీపపు పాఠములు చదువుకొన్న ఆ తల్లులు 1992లో లేవగా జిల్లాలకు జిల్లాలు లేచినవి. మన కర్నూలు జిల్లావారగు కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగ నుండి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయిని నిషేధించిరి. నిషేధించినది దేనిని? సారాయిని. చీటీయంటించిన విస్కీని, బ్రాందిని, బీరును కాదు. అవి 1995 జనవరి 16న రామారావుగారు సంపూర్ణ నిషేధము తెచ్చువరకు దర్జాగ అమ్ముడుపోయినవి. 1997లో ఆ నిషేధము సడలింపగనే మరల తలుపులు తెరచుకొన్నవి. సారాయి మాత్రము తిరిగి రాలేదు. ఎందుచేత? పేదవాని మద్యమునకు ముఖము లేదు. చీటీ లేదు, పక్షి లేదు, నక్షత్రము లేదు. దానిని ద్వేషించుట సులభము. చీటీగల సీసాను చూచి మనము 'అలవాటు' అంటిమి. చీటీలేని ముంతను చూచి 'వ్యసనము' అంటిమి. కల్లుపాకకు పోవువాడు మనకు పతితుడు. పక్షిబొమ్మ సీసా తాగువాడు సరదామనిషి. ఈ తేడా సీసాలోనిది కాదు, సీసామీదిది.

నా మాట అతిశయోక్తి యనువారు 2019 నుండి 2024 వరకు మన రాష్ట్రమున జరిగినది జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. 2019 అక్టోబరున మద్యపు దుకాణములను ప్రభుత్వమే తీసికొన్నది. ఎన్నడు వినని పేర్లుగల సీసాలు అరలలో నిండెను. వాడుకైన గుర్తులు అరుదయ్యెను. జనులు గోల పెట్టిరి. అపరిచితపు సరకువలన ఆరోగ్యము చెడునను భయము న్యాయమైనదే. కాని అరుగులమీద నేను విన్న ఫిర్యాదులలో "ఇంత తాగుడెందుకు?" అన్న మాట అరుదు, "మన బ్రాండు లేదు" అన్న మాటయే మెండు. 'మన' బ్రాండట! తాతముత్తాతలనుండి వచ్చిన మాన్యమువలె! 2024 అక్టోబరున ప్రైవేటు దుకాణములు తిరిగి వచ్చి, తెలిసిన గుర్తులు అరలకెక్కగా, పోయిన చుట్టము వచ్చినట్లు సంతోషించినవారిని చూచితిని. దూత తన పని పూర్తిచేసెను. మద్యమునే బంధువుగ మార్చెను.

నాకు ఎదురు చెప్పువారున్నారు. వారి వాదములను దాచను.

బీరు మృదుపానీయము, దానికింత రభస ఎందుకని కొందరందురు. మన బజారులో అమ్ముడుపోవు బీరులో 'స్ట్రాంగ్' అను తెగ నూటికి ఎనిమిది పాళ్లవరకు మద్యసారము గలది. పెద్దసీసా తాగినవానికి మృదుత్వమెక్కడిది? బొమ్మ మృదువైనది, అది నిజము.

చక్కని చిత్రమును ద్వేషించుట అరసికత్వమని మరికొందరందురు. నేను చిత్రమును ద్వేషించుటలేదు. నా శిష్యుని గీత చూచి మెచ్చుకొన్నవాడను. చక్కదనము వలన హాని తగ్గదు, పెరుగును. చక్కగ లేని బొమ్మను పిల్లవాడు గీయడు గదా. సిగరెట్టు పెట్టెమీద 2016 ఏప్రిలునుండి నూటికి ఎనుబదియైదు వంతుల స్థలమున రోగపు బొమ్మతో గూడిన హెచ్చరికను అచ్చువేయవలెనని ప్రభుత్వము శాసించినది. బొమ్మబలమును ఎరిగి, బొమ్మకు బొమ్మనే ఎదురు నిలిపిరి. మద్యపు సీసాకు 2019 ఏప్రిలునుండి కావలసినది హెచ్చరిక వాక్యము మాత్రమే. సీసా ఎదుట పక్షి, మూలన చీమబారువంటి అక్షరములు. చదువురాని నేతవానికి ఆ రెంటిలో ఏది మాటలాడును?

మద్యపు ఆదాయము లేక రాష్ట్రము నడవదని వేరొకరందురు. రాజ్యాంగపు 47వ అధికరణము, మత్తుపానీయముల వాడుకను నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. సరే, ఆ వాదమును నేడు ప్రక్కన పెట్టుదము. మద్యముపై పన్ను వచ్చుగాక. నీళ్లసీసామీద ఆ బొమ్మ లేకున్నచో ఏ పాఠశాల మూతపడును? నేను దుకాణము మూయుమనుటలేదు. దుకాణము దుకాణముననే యుండవలెననుచున్నాను.

కావున నా విన్నపములు మూడు. మొదటిది ప్రభుత్వమునకు: మద్యమునకు రిజిస్టరైన గుర్తును వేరే సరకుమీద వేయరాదని స్పష్టముగ శాసింపవలయును. ప్రకటనను నిషేధించి సరకును విడిచిన ప్రయోజనము లేదు. ఆ సరకే ప్రకటన. సిగరెట్టు పెట్టెకువలెనే సీసాకును బొమ్మహెచ్చరిక నియమింపవలయును. రెండవది ఉపాధ్యాయులకు: పద్యములకు తాత్పర్యము చెప్పునట్లే మార్కాలకును తాత్పర్యము చెప్పుడు. ఈ గుర్తు ఎవరిది, ఏమి చెప్పుచున్నది, ఏమి దాచుచున్నది అని పిల్లలను అడుగుడు. తాగవద్దని గంటసేపు నీతి చెప్పుటకంటె, బొమ్మ చదువుట ఒకమారు నేర్పినచో వాడు స్వయముగ మేలుకొనును. మూడవది ఈ పత్రికను చదువు గృహస్థులకు, ముఖ్యముగ గృహిణులకు: శుభకార్యమునకు నీళ్లు తెప్పించునపుడు సీసాను త్రిప్పి చూడుడు. మనము మద్యము తాగమని చెప్పుకొనుట చాలదు. మద్యపు దూతకు పీటవేసి కూర్చుండబెట్టిన యింట, రేపు యజమాని వచ్చిన కాదనుట కష్టము.

ఇంత చెప్పిన తరువాత నా భార్య ఏమనెనో వ్రాయకున్నచో అన్యాయమగును. "బొమ్మ సంగతి మీరు పత్రికకు వ్రాసుకోండి. వచ్చే శ్రావణంలో నోమునకు నేను కడవలో నీళ్లు పెడతాను, గ్లాసులు కడగడానికి మీరు రండి" అనెను. ఒప్పుకొంటిని. సంస్కరణము నావంటివాని వ్యాసమున మొదలై ఆమెవంటివారి వంటింట ముగియుట ఇది మొదటిమారు కాదు.

ఆ బాలుని తండ్రి మొన్న పాఠశాలకు వచ్చెను. పగటివేళ, తాగియుండలేదు. వ్రేళ్లకు నూలురంగు అంటియున్నది. "మావోడు బొమ్మలు బాగా గీస్తాడంట గదా సార్, పదికి పది ఏసినారంట" అని మురిసిపోవుచు అడిగెను. ఏ బొమ్మయో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పుటకు నోరాడలేదు. "బాగా గీస్తాడప్పా, చదివించు" అని మాత్రమంటిని.

ఆ కాగితము నా బల్లసొరుగులో నున్నది. వేసిన మార్కులు కొట్టివేయలేదు. గీతలో దోషము లేదు గదా. మరునాడు ఆ పిల్లవానిని పిలిచి, మీ నాయన మగ్గమును చూచి గీసికొని రమ్మంటిని. వాడు రెండు దినములు తీసికొన్నాడు. పలక, అచ్చు, కండె, గుంటలోని కాలిబద్దలు, అన్నియు కొలతకు కుదిరినవి. అడుగున ఒక మూల చేనేత మార్కును వాడే వేసినాడు. దానిని చూచి గుర్తించు చదువరి యింటింట ఒక్కరున్నను, ఆ తండ్రి మగ్గమునకు నాలుగు గజముల పని అధికముగ దొరకును. సీసామీది పక్షిని ఎరుగని యిల్లు నేడు లేదు. ఈ గుర్తును ఎరిగిన యిల్లు మన వీధిలో ఎన్ని కలవో, చదువరులారా, ఈ పూట లెక్కించి చూడుడు.